ట్రాకు మారిన రైడరు తీరు మారునా?

ప్రశ్న: స్పీడ్‌వే మోటారుసైకిలు పందెములలో ఒక ట్రాకుపై గెలిచిన రైడరు మరియొకదానిపై వెనుకబడుటకు కారణమేమి?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: బ్రేకులు లేనివియు, ఒకే గేరు గలవియు, మిథనాలుతో నడచునవియు నగు 500 సి.సి. బండ్లపై నలుగురు రైడర్లు మట్టిబాటను ఎడమకు తిరుగుచు నాలుగు మారులు చుట్టివచ్చు ఈ క్రీడలో, ట్రాకు పొడవు అంతర్జాతీయ నిబంధనల ననుసరించి 260 మీటర్లు మొదలు 425 మీటర్ల వరకు ఉండవచ్చును గనుక, ఒకచోట అలవడిన లాఘవము వేరొకచోట చెల్లదు. పొట్టి ట్రాకుపై ఆరంభమున ముందుపడినవానిని దాటుట దుష్కరము. పొడవైనచోట వంకలలో వేగమును నిలుపుకొనువానిదే పైచేయి. అందుకు తగినట్లు స్ప్రాకెట్లు మార్చుకొందురు.

అంతకన్న సూక్ష్మమైనది మట్టి. పందెములు సాగినకొలది చక్రములు చిమ్మిన వదులుమట్టి వెలుపలి అంచున పేరుకొనును. అచట పట్టు దొరకునని గ్రహించినవాడు దూరమెక్కువైనను ఆ వైపునకే పోవును. నడుమ నీరు చల్లిరా, లెక్క మరల మొదటికి వచ్చును. ఎల్.బి.నగర్ కూడలిలో ఇసుకపై వెనుకచక్రము జారిన మనకు గుండె ఝల్లుమనును. వీరో, దానిని కోరి జార్చి, హ్యాండిలును ఎదురువైపునకు త్రిప్పి, ఎడమ బూటుకు తొడిగిన ఉక్కుతొడుగును నేలకు రాచుచు మలుపు దాటుదురు. (దయచేసి అచట అభ్యసింపకుడు.) 2001లో కార్డిఫ్ మిలీనియం స్టేడియమున వలె ఒక్క పోటీకొరకు పరచిన ట్రాకు గుంతలు పడుటయు కలదు, అట్టిచోట సొంతగడ్డ అనుభవము ఎవరికిని అక్కరకు రాదు.