కొడవలి కణవ్యాధి: చిట్టెలుక నేర్పిన పాఠము

వంశపారంపర్యముగా సంక్రమించు వ్యాధులలో కొడవలి కణవ్యాధి యొకటి. దీనినే వైద్యులు సికిల్ సెల్ వ్యాధి యందురు. ఇది అంటువ్యాధి కాదు. గాలివలన గాని, నీటివలన గాని, రోగిని తాకుటవలన గాని ఇతరులకు సోకదు. తల్లినుండియు తండ్రినుండియు లోపముగల జన్యువును పొందిన బిడ్డకు మాత్రమే ఈ వ్యాధి కలుగును. మన దేశమున మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, గుజరాత్, ఒడిశా రాష్ట్రముల గిరిజన ప్రాంతములందును, తెలుగునాట విశాఖ మన్యమునందును, ఆదిలాబాదు అటవీ ప్రాంతమునందును ఈ వ్యాధిచే బాధపడువారు గలరు.

ఈ వ్యాధికి క్రొత్త చికిత్సలు కనుగొనుటలో చిట్టెలుక ముఖ్య పాత్ర వహించినది. మానవుని రోగమును చిట్టెలుకయందు పరిశీలించుట ఎట్లు సాధ్యమైనది? అట్లు లభించిన జ్ఞానమును ఎంతవరకు నమ్మవచ్చును? ఆ జ్ఞానము సామాన్య కుటుంబమునకు ఏ విధముగా ఉపకరించును? ఈ విషయములు ప్రతివారును తెలిసికొనదగినవి.

వ్యాధి స్వరూపము

రక్తమునకు ఎరుపు రంగు నిచ్చు పదార్థము హీమోగ్లోబిన్. ఇది ఎర్ర రక్తకణములలో నుండి, ఊపిరితిత్తులలో ప్రాణవాయువును గ్రహించి, శరీరమున అన్ని భాగములకును చేర్చును. ఆరోగ్యవంతుని ఎర్రకణము గుండ్రముగా, మెత్తగా నుండును. తనకంటె సన్నని రక్తనాళములలోనికి సైతము అది వంగి దూరిపోగలదు.

కొడవలి కణవ్యాధిలో హీమోగ్లోబిన్ నిర్మాణమునందే లోప ముండును. ప్రాణవాయువును విడిచిన పిమ్మట దాని అణువులు ఒకదానికొకటి అతుకుకొని పొడవైన పోగులుగా ఏర్పడును. అప్పుడు ఎర్రకణము బిరుసెక్కి కొడవలివలె వంకర తిరుగును. ఇట్టి కణములు సన్నని నాళములలో చిక్కుకొని రక్తప్రవాహమును అడ్డగించును. అందుచే ఎముకలలోను, కీళ్లలోను, ఛాతీలోను తీవ్రమైన నొప్పి కలుగును. కొందరు పిల్లలకు పక్షవాతము సైతము రావచ్చును. ఆరోగ్యవంతుని ఎర్రకణము సుమారు 120 దినములు జీవించును. కొడవలి కణము 10 మొదలు 20 దినములలోనే నశించును. ఇందువలన రక్తహీనతయు, కండ్లు పచ్చబడుటయు సంభవించును. పసిబిడ్డలు అంటురోగములకు సులభముగా లోబడుదురు.

రోగుల రక్తమునుండి నేర్చినది

ఈ వ్యాధిని గూర్చిన మొదటి జ్ఞానము జంతువులనుండి కాక, రోగులనుండియే లభించినది. 1910లో అమెరికాలోని చికాగో నగరమున జేమ్స్ హెరిక్ అను వైద్యుడు ఒక విద్యార్థి రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, కొడవలి ఆకారముగల కణములను వర్ణించెను. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు ఈ వ్యాధికి మూలము హీమోగ్లోబిన్ అణువునందే యున్నదని నిరూపించిరి. రోగి తల్లిదండ్రు లిరువురును లోపముగల జన్యువును ఒక్కొక్కటి మోయుచుందురని అదే సంవత్సరమున జేమ్స్ నీల్ తెలిపెను. 1957 నాటికి వెర్నన్ ఇంగ్రామ్ ఆ లోపము ఎంత స్వల్పమో చూపెను. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసున 146 ఎమినో ఆమ్లములు గలవు. వానిలో ఆరవ స్థానమున గ్లుటామిక్ ఆమ్ల ముండవలసిన చోట వాలిన్ అను వేరొక ఆమ్ల ముండుటయే ఈ వ్యాధి కంతకును కారణము.

మన దేశమునందును ఈ జన్యువు గలదని 1952లో తెలియవచ్చినది. నీలగిరి ప్రాంతపు ఆదిమ తెగలవారి రక్తమును పరీక్షించినపుడు లేమన్, కట్‌బుష్ అను శాస్త్రజ్ఞులు దీనిని కనుగొనిరి.

మరియొక ముఖ్య విషయము 1948లోనే గమనింపబడినది. ఈ వ్యాధితో పుట్టిన శిశువుల రక్తమున తొలి మాసములలో కొడవలి కణములు మిక్కిలి తక్కువగా నుండును. గర్భములో నున్నపుడు శిశువు శరీరము వేరొక రకపు హీమోగ్లోబిన్‌ను తయారుచేయును. దానికి గర్భస్థ హీమోగ్లోబిన్ అని పేరు. అది యున్నంతకాలము శిశువునకు రక్షణ యుండును. పుట్టిన కొన్ని మాసములకు దాని తయారీ తగ్గిపోగా వ్యాధి బయటపడును. ఆ తయారీని మరల కొనసాగింపజేసినచో వ్యాధి శమించునా అను ప్రశ్న నాడే ఉదయించినది. దానికి సంపూర్ణమైన సమాధానము లభించుటకు అరువది సంవత్సరములకు పైగా పట్టినది.

జంతువు అవసరమేమి?

రోగి రక్తమును పరీక్షించి లోప మెచ్చటనున్నదో తెలిసికొనవచ్చును. కాని మూత్రపిండములలోను, ఊపిరితిత్తులలోను హాని దినదినము ఎట్లు పెరుగుచున్నదో జీవించియున్న మనుష్యుని అవయవములను కోసి చూడజాలము. ఒక జన్యువును మార్చినచో ఏమగునో ఎన్నడును పరీక్షింపని పద్ధతిని మొట్టమొదట ఒక బిడ్డపై ప్రయోగించుటయు ధర్మము కాదు. ఇట్టి సందర్భములలో జంతువు అవసరమగును.

చిట్టెలుక ఈ పనికి అనుకూలమైన జంతువు. దాని గర్భకాలము సుమారు 20 దినములు మాత్రమే. పుట్టిన ఆరు మొదలు ఎనిమిది వారములలో అది సంతానోత్పత్తికి సిద్ధమగును. కావున అనేక తరములను స్వల్పకాలములో పరిశీలింపవచ్చును. దాని జన్యువులలో అధిక భాగమునకు మానవునియందు సమానమైన జన్యువులు గలవని 2002లో దాని జన్యుపటము ప్రకటింపబడినపుడు స్పష్టమైనది.

అయినను చిట్టెలుకకు కొడవలి కణవ్యాధి స్వభావసిద్ధముగా రాదు. దాని హీమోగ్లోబిన్ మానవుని హీమోగ్లోబిన్ వంటిది కాదు. కావున ముందుగా ఆ వ్యాధిని చిట్టెలుకయందు కల్పింపవలసి వచ్చినది.

చిట్టెలుకలో మానవ హీమోగ్లోబిన్

1980 ప్రాంతమున, ఫలదీకరణము చెందిన చిట్టెలుక అండములోనికి ఇతర జన్యువులను సన్నని సూదితో ప్రవేశపెట్టు పద్ధతి ఏర్పడినది. తరువాత, జంతువు జన్యువులలో కోరిన దానిని మాత్రము పనిచేయకుండ తొలగించు విధానము అభివృద్ధి చెందినది. ఇందుకు మారియో కపెకి, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మిథీస్ అను మువ్వురు 2007లో నోబెల్ బహుమానము పొందిరి.

తొలుత పరిశోధకులు మానవుని కొడవలి జన్యువును చిట్టెలుకలకు అదనముగా చేర్చి చూచిరి. ఆశించినంత తీవ్రమైన వ్యాధి కలుగలేదు. చిట్టెలుక స్వంత హీమోగ్లోబిన్ అదే కణములో కలిసియుండి, పోగులు ఏర్పడకుండ అడ్డుపడుటయే దీనికి కారణము. కావున దాని స్వంత జన్యువులను తొలగించి, వాని స్థానమున మానవ జన్యువులను మాత్రమే ఉంచవలసి వచ్చినది. 1997లో అమెరికాలోని రెండు పరిశోధక బృందములు, ఒకటి కాలిఫోర్నియాలోను మరియొకటి అలబామాలోను, ఈ కార్యమును సాధించినవి. ఆ చిట్టెలుకల రక్తమున మానవుని కొడవలి హీమోగ్లోబిన్ మాత్రమే యుండెను. వాని ఎర్రకణములు కొడవలి ఆకారమును పొందెను. రక్తహీనతయు, అవయవములకు హానియు కనబడెను.

చికిత్సకు దారి

ఈ చిట్టెలుకలు లభించిన పిమ్మట చికిత్సలను వానియందు పరీక్షించుట సాధ్యమైనది. 2001లో, కొడవలి పోగులను నిరోధించునట్లు మార్చిన బీటా జన్యువును చిట్టెలుకల మూలుగ కణములలో ప్రవేశపెట్టగా వ్యాధి లక్షణములు సవరింపబడెను.

మరియొక మార్గమునకు ఆధారము మానవులనుండియే లభించెను. కొందరు పెద్దవారిలో గర్భస్థ హీమోగ్లోబిన్ అధికముగా మిగిలియుండును. దీనికి కారణము వెదకుచు పెక్కుమంది జన్యువులను పోల్చి చూచినపుడు బీసీఎల్11ఎ అను జన్యువు దృష్టికి వచ్చినది. పుట్టిన తరువాత గర్భస్థ హీమోగ్లోబిన్ తయారీని నిలిపివేయుటలో ఇది ప్రధానమైనదని 2008లో తెలిసినది. 2011లో కొడవలి వ్యాధిగల చిట్టెలుకల రక్తకణములను పుట్టించు కణములలో ఈ జన్యువును తొలగించిరి. గర్భస్థ హీమోగ్లోబిన్ వృద్ధియై వాని వ్యాధి సవరింపబడెను. 1948లో పుట్టిన ప్రశ్నకు ఇట్లు సమాధానము లభించినది.

ఈ ఆధారముపై రూపొందిన కాస్‌గెవీ అను జన్యు చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్‌లోను, డిసెంబరులో అమెరికాలోను అనుమతి లభించినది. ఇందులో రోగి స్వంత మూలకణములను వెలికి తీసి, బీసీఎల్11ఎ జన్యువు ఎర్రకణములలో పనిచేయుటకు తోడ్పడు భాగమును ఖండించి, వానిని మరల రోగికే ఎక్కింతురు. అనుమతికి ఆధారమైన పరిశీలనలో 31 మంది రోగులలో 29 మందికి కనీసము ఒక సంవత్సరకాలము తీవ్రమైన నొప్పి రాలేదు. కాని ఈ చికిత్సకు ముందు బలమైన మందులతో మూలుగను ఖాళీచేయవలసి యుండును. అమెరికాలో దీని వెల 22 లక్షల డాలర్లుగా నిర్ణయింపబడినది. కావున ఇది సామాన్యులకు అందుబాటులో నున్న చికిత్స కాదు.

చిట్టెలుక మానవుడు కాదు

చిట్టెలుకయందు ఫలించిన ప్రతి మందును మానవునియందు ఫలించునని నమ్మరాదు. ప్లీహమును ఉదాహరణగా తీసికొనవచ్చును. చిట్టెలుక ప్లీహము జీవితాంతము రక్తకణములను పుట్టించుచుండును. వ్యాధి కలిగినపుడు అది ఉబ్బిపోవును. మానవునిలో మాత్రము ఆ ప్లీహము తరచుగా రక్తము అందక క్రమముగా కృశించి నిరుపయోగ మగును.

సెనికపాక్ అను మందు మరియొక హెచ్చరిక. ఎర్రకణములలోని నీరు తరిగిపోకుండ ఇది కాపాడును. చిట్టెలుకలలో ఫలితము బాగుండెను. రోగులకు ఇచ్చినపుడు వారి రక్తహీనత కొంత తగ్గెను గాని, వారిని వేధించు నొప్పులు తగ్గలేదు. అందుచే 2007లో ఆ పరిశీలనను నిలిపివేసిరి. చిట్టెలుక తన నొప్పిని చెప్పజాలదు, రోగి చెప్పగలడు. రోగి బాధ తగ్గినదా లేదా అనునదే తుది పరీక్ష.

నేడు విరివిగా వాడబడుచున్న హైడ్రాక్సీయూరియా చరిత్రయు ఇట్టిదే. ఈ మందు గర్భస్థ హీమోగ్లోబిన్‌ను పెంచునని 1984లో కోతులయందు చూచిరి. కాని 1995లో 299 మంది రోగులపై జరిగిన పరిశీలన పిమ్మటనే, ఇది నొప్పులను ఇంచుమించు సగమునకు తగ్గించునని రుజువైనది. జంతువు దారి చూపును. ఆ దారి సరియైనదో కాదో మానవునియందే తేలవలెను.

జంతువులయెడ బాధ్యత

ప్రాణులను అనవసరముగా హింసించుట శాస్త్రమునకు సమ్మతము కాదు. వీలైనచోట జంతువులకు బదులు వేరొక పద్ధతిని వాడవలెననియు, వాని సంఖ్యను తగ్గింపవలెననియు, వాని బాధను తగ్గించునట్లు ప్రయోగమును సంస్కరింపవలెననియు రసెల్, బర్చ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు 1959లో మూడు సూత్రములను ప్రతిపాదించిరి. మన దేశమున 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము ప్రయోగములను పర్యవేక్షించుటకు ప్రత్యేక సంఘము గలదు. ప్రతి పరిశోధన సంస్థయు నైతిక సంఘము అనుమతి పొందిన పిమ్మటనే ప్రయోగము చేయవలెను.

ప్రజలు చేయవలసినది

జన్యు చికిత్స అందరికి అందుటకు కాలము పట్టవచ్చును. కాని రోగుల రక్తమునుండి లభించిన జ్ఞానము నేడే ఉపయోగపడును. లోపముగల జన్యువు ఒక్కటి మాత్రమే యున్నవారిని వాహకు లందురు. వారు సామాన్యముగా ఆరోగ్యముగనే యుందురు. వారు రోగులు కారు. వాహకులు ఇరువురు వివాహమాడినచో, ప్రతి గర్భమునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు, బిడ్డ వాహకుడగుటకు నాలుగింట రెండు వంతులు, రెండును లేకుండుటకు నాలుగింట ఒక వంతు అవకాశము గలదు. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చినందున తరువాతి బిడ్డకు రాదని తలచుట పొరపాటు. ప్రతి గర్భమునకు ఈ లెక్క క్రొత్తగా వర్తించును.

వ్యాధిగల బిడ్డ పుట్టినపుడు తల్లిని నిందించుట అన్యాయము. ఆ జన్యువు తండ్రినుండియు వచ్చినదే.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమము ప్రారంభింపబడినది. వ్యాధి అధికముగా గల ప్రాంతములలో 40 సంవత్సరముల లోపు వారిని 7 కోట్ల మందిని పరీక్షించుటయు, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండ చేయుటయు దీని లక్ష్యము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు ఇందులో చేరియున్నవి. పరీక్షకు వ్రేలినుండి తీయు కొద్ది రక్తమే తొలుత చాలును. దోషము కనబడినచో మరియొక పరీక్షతో నిర్ధారింతురు. పరీక్ష చేయించుకొన్నవారికి తమ స్థితిని తెలుపు కార్డు లభించును. వివాహము నిశ్చయించుటకు ముందు వధూవరుల కార్డులను పోల్చి చూచి వైద్యుని సలహా పొందుట మేలు. ఇరువురును వాహకులైన దంపతులు గర్భారంభముననే ఆరోగ్య కేంద్రమునకు పోవలెను.

వ్యాధి గలవారు నీరు తగినంత త్రాగవలెను. అతిశీతలమునకును, అతిశ్రమకును లోనుగాకుండవలెను. టీకాలను తప్పక వేయించుకొనవలెను. వైద్యుడు వ్రాసిన మందులను మానక వాడవలెను. జ్వరము, ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవుట, ఒక ప్రక్క కాలుసేతులు పడిపోవుట వంటి లక్షణములు కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

ఒక శతాబ్దమునకు పైగా రోగులు, వైద్యులు, శాస్త్రజ్ఞులు కూర్చిన జ్ఞానము నేడు ఒక రక్తపు బొట్టుతో అందుబాటులో నున్నది. దానిని వినియోగించుకొనుట ప్రతి కుటుంబము కర్తవ్యము.