బోరు మోటరు అంకెలు ఇంటి గోడ మీద: గుడుపల్లె రైతిళ్లకు 18 చిట్కాలు

గుడుపల్లె మండలంలో నేల కింద అంతా రాయే. బిసానత్తం, చిగరగుంట బంగారు గనులను తొలిచింది ఈ రాతిలోనే. దాని పగుళ్లలో దాగిన నీళ్ల కోసమే మన బోర్లు వందల అడుగులు దిగాయి, కొన్నిచోట్ల వెయ్యి దాటాయి. అంత లోతున మోటరు కాలితే పైపులు లాగి, వైండింగ్ చేయించి, మళ్లీ దించేసరికి టమోటా వాడిపోతుంది, మల్బరీ ఆకు ముదిరిపోతుంది, చేతిలోని డబ్బు కరిగిపోతుంది. చాలాసార్లు మోటరు కాలేముందే వోల్టులు, ఆంప్స్ ఆ సంగతి చెబుతాయి. వాటిని చూసేవాళ్లు ఉండాలి, అంతే. స్టార్టరు దగ్గర ఒక డిజిటల్ మీటరు పెట్టి, అందులోని అంకెలను ఇంటి గోడ మీదికి తెచ్చుకోవడం ఇప్పుడు పెద్ద పని కాదు. ఎలా బిగించాలో, బిగించాక ఏం చూడాలో వరుసగా చెప్పుకుందాం.

1. మోటరు దించేరోజే నేమ్‌ప్లేటు ఫొటో తీయండి. ఒకసారి బోరులోకి దిగాక అది మళ్లీ కంటికి కనపడదు. హెచ్‌పీ, వోల్టులు, ఆంప్స్ మూడింటినీ ప్యానెల్ తలుపు లోపలివైపు పెయింటుతో రాయించండి. 7.5 హెచ్‌పీ అంటే 5.5 కిలోవాట్లు. అయినా కంపెనీని బట్టి ఒకటి 12 ఆంప్స్ తీసుకుంటే ఇంకొకటి 15 తీసుకుంటుంది. పక్క చేను మోటరు లెక్క మనకు సరిపోదు.

2. మూడు ఫేజులనూ చూపే మీటరే కొనండి. ఒకే వోల్టు మీటరు, ఒకే ఆంప్ మీటరు ఉన్న పాత ప్యానెళ్లలో ఒక ఫేజు బాగుంటే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మూడు వోల్టులు, మూడు ఆంప్స్, కిలోవాట్లు చూపే మల్టీఫంక్షన్ మీటరు తీసుకోండి. అంకెలు ఇంటిదాకా రావాలంటే వెనకవైపు ఆర్‌ఎస్-485 అని రాసిన టెర్మినళ్లు ఉన్నాయో లేదో కొనేముందే చూడండి. అవి లేని మీటరుకు ఆ తర్వాత తగిలించలేం.

3. సీటీని లెక్క ప్రకారం వేయించండి. ఆంప్స్ కొలిచేది ఫేజు వైరు చుట్టూ ఉండే ఉంగరంలాంటి కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు. దాని మీద 50/5 అని ఉంటే మీటరు సెట్టింగులోనూ 50/5 అనే పెట్టాలి. వైరు ఉంగరంలోంచి రెండుసార్లు దూరితే మీటరు రెండింతలు చూపుతుంది. ఆర్ ఫేజు సీటీ ఆర్‌కే, వై ఫేజుది వైకే కలపాలి. బాణం గుర్తు కరెంటు వచ్చే వైపునుంచి మోటరు వైపు ఉండాలి. తిరగేసి వేస్తే ఆంప్స్ సరిగానే వస్తాయి కానీ కిలోవాట్లు తప్పుతాయి.

4. మోటరు నడుస్తుండగా సీటీ నుంచి మీటరుకు వెళ్లే సన్న వైరును ఊడదీయకండి. సన్నగా ఉంది కదా అని తేలిగ్గా తీసుకునేది ఈ వైరునే. సీటీ కొసలు తెరుచుకుంటే అక్కడ ప్రాణాలు తీసేంత వోల్టేజీ పుట్టవచ్చు. మీటరు మార్చాలన్నా ముందు సరఫరా ఆపాల్సిందే.

5. స్టార్-డెల్టా స్టార్టరుంటే సీటీ ఎక్కడ వేశారో అడగండి. మోటరుకు ఆరు వైర్లు వెళ్లే ప్యానెళ్లలో స్టార్టరు దాటాక ఏ వైరులో కొలిచినా, లైను ఆంప్స్‌లో సుమారు 58 శాతమే కనిపిస్తుంది. లైనులో 14 ఉంటే అక్కడ 8 చూపుతుంది. అది చూసి మోటరు తేలిగ్గా నడుస్తోందని పొరబడతాం. సీటీలు స్టార్టరుకు ముందు, లోపలికి వచ్చే మూడు వైర్ల మీద వేయించండి.

6. కెపాసిటరు సంగతి మరవకండి. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్, 7.5 హెచ్‌పీకి 3 కేవీఏఆర్ కెపాసిటరు పెడతారు. దానివల్ల లైను మీద బరువు తగ్గి ట్రాన్స్‌ఫార్మరు చల్లగా ఉంటుంది. సీటీ దాటాక మోటరు వైపు కెపాసిటరు కలిపితే మీటరులో ఆంప్స్ తగ్గినట్టు కనిపిస్తాయి, మోటరు మాత్రం ఎప్పటిలాగే తీసుకుంటుంది. మోటరు అసలు ఆంప్స్ కావాలంటే కెపాసిటరును సీటీకి ముందు, సరఫరా వైపు కలపమనండి. కెపాసిటరు మోటరు వైపే ఉన్న ప్యానెల్‌లో ఒకరోజు ఉన్నట్టుండి మీటరులో ఆంప్స్ పెరిగితే కెపాసిటరు పోయిందేమో చూడండి.

7. డబ్బాను ఉత్తరం ముఖంగా పెట్టండి. తూర్పుకో పడమరకో ఉంటే ఎండ సూటిగా పడి అంకెలు కనిపించవు, ఎల్‌సీడీ తెర కొన్నాళ్లకే నల్లబడుతుంది. నేల నుంచి ఛాతీ ఎత్తున, పైన రేకు నీడతో బిగించండి. కేబుళ్లు దూరే రంధ్రాలను గ్లాండుతో మూసేయండి. బల్లులు, చీమలు దూరేది అక్కడినుంచే. కాంటాక్టరు మధ్య బల్లి నలిగిందంటే ఒక ఫేజు అందదు, మోటరు మీదికి వస్తుంది.

8. ఎర్తు లేని డబ్బాకు మీటరు బిగించకండి. ఇనుప డబ్బాకు, మోటరు కేసింగుకు ఎర్తు వైరు కలిపి గుంటలో ఉప్పు, బొగ్గు వేయించండి. ఎండాకాలంలో ఆ గుంటలో నీళ్లు పోస్తూ ఉండండి. మీటరుకు వెళ్లే మూడు వోల్టేజీ వైర్లకూ 2 ఆంప్స్ ఫ్యూజులు వేయించండి. మీటరులో షార్టయినా మంట డబ్బాదాకా రాదు. ఈ పనులన్నీ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఏబీ స్విచ్చు మీద చేయి వేయాల్సింది లైన్‌మన్ ఒక్కడే.

9. బోరు నుంచి ఇంటికి మెలికల జంట వైరు లాగండి. ఆర్‌ఎస్-485 అంకెలు ఆ వైరు మీద 1,200 మీటర్ల దాకా రాగలవు. మోటరు కేబులుకు ఒక అడుగు ఎడంగా, వేరే పైపులో వేయండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. పైతొడుగు రేకును ఒక్క కొసలోనే ఎర్తుకు కలపాలి. రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టరు ఉంటేనే అంకెలు చెదరవు.

10. ఇంటి గోడకు పెట్టిన తెర ఖాళీగా ఉంటే ముందు మూడు సెట్టింగులు చూడండి. మీటరుకు ఇచ్చిన నంబరు, బాడ్ రేటు, ప్యారిటీ రెండువైపులా ఒకటేలా ఉండాలి. బోరు దగ్గర 9600 పెట్టి ఇంట్లో 19200 పెడితే ఒక్క అంకె రాదు. రెండు బోర్లుంటే ఒకదానికి 1, రెండోదానికి 2 ఇవ్వండి. అవి సరిగా ఉన్నా రాకపోతే ఏ, బీ వైర్లు తారుమారు చేసి చూడండి. తారుమారైనంత మాత్రాన మీటరు చెడిపోదు.

11. వైరు లాగలేనంత దూరమైతే సిమ్ముతో పనిచేసే మొబైల్ స్టార్టరు పెట్టుకోండి. సిమ్ము కొనేముందు అదే కంపెనీ సిమ్మున్న ఫోనుతో బోరు షెడ్డు దగ్గర నిలబడి ఫోన్ చేసి చూడండి. మూడు రాష్ట్రాలు కలిసే చోటు మనది, ఊళ్లో అందే సిగ్నలు చేనులో అందకపోవచ్చు. 2జీ స్టార్టరులో 4జీ మాత్రమే ఉన్న సిమ్ము పనిచేయదు. యాంటెన్నా ఇనుప డబ్బా బయటికి రావాలి. రీచార్జి తేదీ గోడ క్యాలెండరులో రాసుకోండి. సిమ్ము ఆగితే మోటరు ఆగిన కబురు కూడా రాదు.

12. మంచి రోజు అంకె రాసుకోండి. అన్ని చిట్కాల్లోకీ ముఖ్యమైనది ఇదే. మోటరు కొత్తగా దించి, నీళ్లు నిండుగా పోస్తున్నప్పుడు, మొదలుపెట్టిన పావుగంటకు చూసి నోట్‌బుక్కులో ఒక వరుస రాయండి. ఇలా: "జనవరి 5. వోల్టులు 410, 408, 412. ఆంప్స్ 13.1, 13.0, 13.3. డ్రమ్ము 100 సెకన్లు." 200 లీటర్ల డ్రమ్ము 100 సెకన్లలో నిండితే గంటకు 7,200 లీటర్లు వస్తున్నట్టు. ఆ తర్వాత నెలకోసారి ఇంకో వరుస రాయండి. తెర మీది అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. మొదటి వరుస పక్కన పెట్టి చూస్తేనే మాట్లాడుతుంది.

13. వోల్టేజీకి హద్దు పెట్టుకోండి. ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 రావాలి, 390 నుంచి 440 దాకా పరవాలేదు. 370కి దిగితే మోటరు ఆపేయండి. వోల్టులు తగ్గేకొద్దీ మోటరు ఆంప్స్ ఎక్కువ లాగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. మీటరు 240 చూపిస్తే కంగారు పడకండి. అది ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య కొలత, బటన్ నొక్కితే 415 కనిపిస్తుంది.

14. మూడు ఆంప్స్ మధ్య తేడా లెక్కగట్టండి. 12, 13, 14 వచ్చాయనుకోండి. సగటు 13, ఎక్కువ తేడా 1, అంటే దాదాపు 8 శాతం. 5 శాతం లోపుంటే మంచిది, 10 దాటితే ఆపాలి. వోల్టుల్లో చిన్న తేడా ఆంప్స్‌లో ఆరు నుంచి పదింతలై కనిపిస్తుంది కాబట్టి ముందు వోల్టులు చూడండి. ఒక ఫేజు పూర్తిగా పోతే మిగతా రెండింటిలో ఆంప్స్ ఒకటిన్నర రెట్లకు పైగా ఎగబాకుతాయి. సింగిల్ ఫేజు ప్రివెంటరు అందుకే తప్పనిసరి. రెండు ఫేజులతో కండెన్సరు పెట్టి నడపడం మోటరును మన చేత్తో మనమే కాల్చుకోవడం.

15. తప్పు లైనుదా, మోటరుదా తేల్చుకోండి. తేడా ఎక్కువగా ఉంటే సరఫరా ఆపించి, స్టార్టరు దగ్గర మోటరు మూడు వైర్లనూ ఒకే వరుసలో ఒక్కో స్థానం జరిపించండి. అలా జరిపితే మోటరు తిరిగే దిశ మారదు. మళ్లీ నడిపినప్పుడు ఎక్కువ ఆంప్స్ పాత ఫేజులోనే ఉంటే లోపం లైనులో ఉంది, 1912కు ఫోన్ చేయండి. ఎక్కువ ఆంప్స్ వైరుతోపాటు జరిగితే లోపం కేబులులోనో మోటరులోనో ఉంది. ఈ ఒక్క పరీక్షతో ఊరికే మోటరు పైకి లాగే ఖర్చు తప్పుతుంది.

16. డ్రైరన్ సెట్టింగు మన బోరుకు తగ్గట్టు పెట్టండి. నీళ్లు అందకపోతే పంపుకు పని ఉండదు, ఆంప్స్ పడిపోతాయి. మంచి రోజు అంకెలో 75 నుంచి 80 శాతం దగ్గర హద్దు పెట్టండి. 13 ఆంప్స్ మోటరుకు 10 సరిపోతుంది. మళ్లీ మొదలయ్యే సమయాన్ని బోరులో నీళ్లు ఊరేదాన్నిబట్టి పెట్టాలి. అయిదు నిమిషాలకోసారి లేచి పడిపోయే మోటరు ఎక్కువ కాలం బతకదు. గేటు వాల్వు మూసినా ఆంప్స్ తగ్గుతాయని గుర్తుంచుకోండి.

17. కాలాన్ని బట్టి అంకెలు చదవండి. ఏప్రిల్, మే నెలల్లో బోరు నీళ్లు కిందికి పోతే పంపు ఎత్తాల్సిన దూరం పెరిగి నీళ్లు తగ్గుతాయి, ఆంప్స్ కూడా కొద్దిగా తగ్గుతాయి. 2025 ఆగస్టు 30న కుప్పం దగ్గర పరమసముద్రంలో కృష్ణా నీళ్లకు హారతి పట్టారు. అలా కాలువ నీళ్లతోనో వానలతోనో చెరువులు నిండి, బోరులో నీళ్లు పైకి వస్తే డ్రమ్ము త్వరగా నిండుతుంది, ఆంప్స్ కాస్త పెరుగుతాయి. నేమ్‌ప్లేటు అంకె దాటనంతవరకు అది మంచి కబురే. నీళ్లు తగ్గి ఆంప్స్ పెరిగితే మాత్రం ఇసుకో బేరింగో పట్టేస్తోందని అర్థం, మెకానిక్కును పిలవండి.

18. ఇంట్లో ఉండేవాళ్లకు నేర్పండి. కరెంటు వచ్చేసరికి కొడుకు బెంగళూరు రైల్లో ఉంటాడు, మోటరు దగ్గర ఉండేది అమ్మో, నాన్నో, కోడలో. గోడ మీది తెర పక్కన పెద్ద అక్షరాలతో మూడు హద్దులు అంటించండి: వోల్టులు 370 కంటే తగ్గితే ఆపు, ఆంప్స్ నేమ్‌ప్లేటు దాటితే ఆపు, మూడు ఫేజుల ఆంప్స్‌లో ఒకటి సున్నా అయితే వెంటనే ఆపు. మోటరు లేచే క్షణాల్లో ఆంప్స్ ఆరింతల దాకా చూపడం మామూలేనని కూడా చెప్పండి. కరెంటు రాగానే ఊళ్లో మోటర్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. అందుకే ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న రైతులంతా కూర్చుని, ఎవరి మోటరు ఎన్ని నిమిషాలకు లేవాలో మాట్లాడుకోండి. మన తెర మన మోటరును కాపాడుతుంది. ఆ ఒప్పందం అందరి మోటర్లనూ కాపాడుతుంది.