డిస్క్ నిండింది, ఫైల్ మాత్రం కనిపించదు

లినక్స్ అడ్మిన్ ఉద్యోగానికి వచ్చేవాళ్లను ఇంటర్వ్యూలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. ‘డీఎఫ్’ కొడితే 100 శాతం అంటోంది. ‘డీయూ’తో ఫోల్డర్లన్నీ కొలిస్తే సగం కూడా తేలడం లేదు. మిగతా చోటు ఏమైనట్టు?

అమీర్‌పేటలో కోర్సు చేసి, కమాండ్లన్నీ కంఠతా పట్టి వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. ఎక్కువసార్లు జరిగేది ఇది: ఎవరో పెద్ద లాగ్ ఫైల్‌ను ‘ఆర్ఎం’తో తీసేసి ఉంటారు. ఫైల్ పేరు పోతుంది గానీ, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది. అది వదిలేదాకా లినక్స్ ఆ చోటు ఖాళీ చేయదు. ‘ఎల్ఎస్ఓఎఫ్’కు ‘ప్లస్ ఎల్ 1’ తగిలించి కొడితే అలాంటి ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రాసెస్ నంబర్లతో సహా బయటపడతాయి. ఆ సర్వీసు ఒక్కదాన్నే రీస్టార్ట్ చేస్తే సరి.

“సర్వర్ రీబూట్ చేస్తాను సార్” అంటారు కొందరు. చేస్తే చోటు వస్తుంది, నిజమే. కానీ ఎవరు పట్టుకున్నారన్న ఆనవాలు కూడా పోతుంది, కొన్నాళ్లకు డిస్క్ మళ్లీ నిండుతుంది. జవాబు తెలియకపోయినా నేను పట్టించుకోను. ముందు ఏం చూస్తారు, ఎందుకు చూస్తారు అన్నదే నాకు కావాలి.

ఆ చూపు రావాలంటే మీ చేత్తోనే చెడగొట్టి బాగుచేయాలి. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. వర్చువల్‌బాక్స్‌లో రాకీ లినక్స్ వేసి, రూట్ పాస్‌వర్డ్ పెట్టి, ముందుగా స్నాప్‌షాట్ తీసుకోండి. తర్వాత ‘ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ ఫైల్‌లో సిస్టమ్‌లో అసలు లేని డిస్క్‌కు ఒక లైను రాసి రీబూట్ చేయండి. మిషన్ దాదాపు 90 సెకన్లు ఆ డిస్క్ కోసం ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి పడిపోతుంది. మొదటిసారి గుండె జల్లుమంటుంది, అననివ్వండి. రూట్ పాస్‌వర్డ్ కొట్టి లోపలికెళ్లి, ‘జర్నల్‌సీటీఎల్’లో ఏ మౌంట్ ఫెయిలైందో చదవండి. లైను సరిచేశాక, రీబూట్‌కు ముందే ‘మౌంట్ హైఫన్ ఏ’ కొట్టి చూడండి. మరోరోజు నెట్‌వర్క్ సెట్టింగ్ చెడగొట్టండి. ఎస్‌ఎస్‌హెచ్ తెగిపోయినా, వీఎం కన్సోల్ విండోలోంచి ఎలా లోపలికి వెళ్లాలో అప్పుడు తెలుస్తుంది.

రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష కూడా ఇదే తీరు. మూడు గంటలు, నడుస్తున్న సిస్టమ్ మీదే పని, ఆప్షన్లకు టిక్ పెట్టేది కాదు. 300కు 210 వస్తే పాస్. చేసిన మార్పు రీబూట్ తర్వాతా నిలబడాలి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో చిన్న తప్పు దొర్లితే మిషనే పైకి లేవదు.

చెడగొట్టిన ప్రతిసారీ ఏం కనిపించింది, ఏ కమాండ్‌తో పట్టుకున్నారు, అసలు కారణమేమిటి అని నోట్‌బుక్‌లో మూడు లైన్లు రాసుకోండి. ఇంటర్వ్యూకు ఆ పుస్తకం తెచ్చినా నాకు అభ్యంతరం లేదు, ముందు దాన్నే తిరగేస్తాను.