షుగరు ఉన్నవారి కంటి తెర – ఇంటివారు తెలుసుకోవలసినవి

"మోతిబిందు కావచ్చు సిస్టర్, ముదిరినంక ఆపరేషన్ చేయిద్దామని ఊకున్నం." పన్నెండేళ్ళుగా షుగరు ఉన్న తండ్రిని చెయ్యి పట్టి నడిపించుకొచ్చిన ఒక కొడుకు మాట ఇది. పరీక్ష చేస్తే అది మోతిబిందు కాదు. కంటి లోపల రక్తం కారింది.

ఈ రెండింటికీ తేడా ఇంటివారు తెలుసుకోవాలి. కంటి ముందు భాగంలోని కటకం మసకబారితే మోతిబిందు. దానిని తీసి కృత్రిమ కటకం పెట్టవచ్చు. కంటి వెనుక గోడకు అంటుకొని ఉండే పలుచని తెర రెటీనా. చెడిపోయిన రెటీనాను తీసి వేరొకటి పెట్టే వీలు లేదు.

షుగరు చాలాకాలం అదుపులో లేకపోతే ఈ తెరలోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని నీరు ఊరుతుంది. కొన్ని మూసుకుపోతాయి. వాటి బదులు పుట్టే కొత్త నాళాలు పెళుసుగా ఉండి చిట్లుతాయి. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు, చాలామందికి చూపు కూడా బాగానే ఉంటుంది. "కనబడుతూనే ఉంది కదా" అని ఆగిపోయేది ఇక్కడే.

పెద్దవారిలో వచ్చే షుగరుకు, జబ్బు తెలిసిన వెంటనే ఒకసారి, ఆ తరువాత ఏటా రెటీనా పరీక్ష చేయించాలి. షుగరు ఉన్న స్త్రీ గర్భవతి అయితే మొదటి నెలల్లోనే చేయించాలి. 2018లో, 2023లో కంటి వెలుగు శిబిరాల్లో అద్దాలు తీసుకున్నవారు "మా కండ్లు చూసిన్రు" అంటారు. అద్దాల నంబరు చూడడం వేరు, చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేసి తెరను చూడడం వేరు. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది. బండి నడపనివ్వకండి, తోడు రండి. వరంగల్‌లోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో చూపించవచ్చు.

అవసరమైతే లేజర్ చేస్తారు, లేదా కంటిలోకి ఇంజెక్షన్ ఇస్తారు. కంట్లో సూది అనగానే పేషెంటు కంటే ఇంటివారే ఎక్కువ భయపడతారు! ముందుగా తిమ్మిరి మందు వేస్తారు. తరచుగా ఒక ఇంజెక్షన్ చాలదు, మధ్యలో మానిపించవద్దు. లేజర్ ముఖ్యంగా ఉన్న చూపును నిలపడానికే, పోయినదంతా తిరిగి రాదు. ఇది ముందే చెబుతాను, తరువాత డబ్బు వృథా అయిందని బాధపడకూడదు. షుగరుతో పాటు బి.పి. కూడా అదుపులో లేకపోతే ఈ వైద్యం ఫలితం నిలవదు.

కంటి ముందు ఉన్నట్టుండి మెరుపులు, మసి తునకలు తేలినట్టు, పక్కనుండి పరదా దిగినట్టు కనబడితే పసరు పోయకండి, తెల్లవారే దాకా చూడకండి. అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.