నూలుకు రంగు ఏ బలముచే అంటియున్నది?

గత వానకాలమున మా సంఘమునకు 32 నూలు చీరలు తిరిగి వచ్చినవి. తెల్లని ఒళ్ళు, ఎఱ్ఱని అంచు. మొదటి ఉతుకులోనే అంచు ఎఱుపు ఒంటిలోనికి దిగినది. అద్దకము చేసిన సభ్యుని కూలిలో మేము కోత వేసితిమి. ఆయన పోట్లాడలేదు. "రియాక్టివ్ రంగే వేసినానయ్యా, సోడా కూడ లెక్క ప్రకారమే పోసినాను" అని మాత్రము అనెను. తరువాత విచారింపగా ఆయన మాటయే నిజమని తేలినది. తప్పు ఎవరిదో తెలియవలెనన్న రసాయన శాస్త్రమున ఒక చిన్న పాఠము చదువవలసి వచ్చినది. మేము ఎస్.ఎస్.ఎల్.సి. వరకే చదివినవారము. కావున మాకు బోధపడినంత వరకే వ్రాయుచున్నాము.

పదార్థములలో పెక్కు అణువుల కూడికలు. అణువులోపల పరమాణువులను కట్టియుంచు బంధము వేఱు, ఒక అణువును ప్రక్క అణువు వైపునకు లాగు ఆకర్షణ వేఱు. పోగులోని మెలి వేఱు, పోగుకు పోగు గంజితో అంటుకొనుట వేఱు అన్నట్లే. నీరు మరిగి ఆవిరియైనపుడు అది ఉదజనిగాను ఆమ్లజనిగాను విడిపోదు. నీటి అణువులు ఒకదానినొకటి విడిచి లేచిపోవును, అంతే. అణువుల నడుమ నుండు ఈ ఆకర్షణలనే అంతరణు బలములందురు. ఇవి లోపలి బంధములకంటె చాల బలహీనములు.

ఏ పదార్థమున ఏ బలమున్నదో కనుగొనుటకు ముందుగా చూడవలసినది విద్యుదావేశము. ఉప్పు నీట వేసిన సోడియము అయానులు, క్లోరైడు అయానులుగా విడిపోవును. ఒకటి ధనము, మఱియొకటి ఋణము. నీటి అణువున కూడ ఒక వైపు కొంచెము ధనముగాను, ఒక వైపు కొంచెము ఋణముగాను ఉండును గనుక అది అయానుల చుట్టు మూగును. అయానులు లేనిచో, అణువునకే ఇట్టి రెండు కొనలున్నవా అని చూడవలెను. ఉన్నచో ఒకదాని ధన కొన ప్రక్కదాని ఋణ కొనను ఆకర్షించును. గోళ్ళ రంగు తుడుచు ఎసిటోను ఇట్టిది. కిరసనాయిలునకు ఆ కొనలు కూడ లేవనియే చెప్పవచ్చును. అయినను అది ద్రవముగా నిలిచియున్నదన్న, అన్ని అణువుల నడుమ ఉండు ఒక సామాన్యపు ఆకర్షణ వలననే. ఇట్టి ఆకర్షణలకు డచ్చి శాస్త్రజ్ఞుడైన వాన్ డర్ వాల్స్ పేరు పెట్టినారు. ఆయనకు 1910లో నోబెల్ బహుమానము వచ్చినది. కొనలు లేని అణువులలో సహితము అది ఎట్లు పుట్టునో 1930లో ఫ్రిట్జ్ లండన్ వివరించెను. అణువు పెద్దదైనకొలది, చదునైనకొలది ఈ పట్టు పెరుగును. అద్దకమున ఇది ముఖ్యము.

ఇక ఉదజని బంధము, అనగా హైడ్రోజన్ బంధము. ఉదజని పరమాణువు ఆమ్లజనికో, నత్రజనికో, ఫ్లోరిన్‌కో కట్టుబడియున్నపుడు అది ప్రక్క అణువులోని అట్టి పరమాణువును కూడ పట్టుకొనును. సల్ఫర్ నలుపు అద్దువారికి కుళ్ళిన గ్రుడ్ల వాసన తెలియును. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడుది (అది విషవాయువు, గాలి ఆడని గదిలో ఆ పని చేయరాదు). దాని అణువు నీటి అణువుకంటె రమారమి రెండింతలు బరువు. బరువును బట్టి చూచిన నీటికంటె ఎక్కువ వేడిలో మరుగవలెను. కాని అది సున్నకు క్రింద 60 డిగ్రీలకే మరుగును, నీరో 100 డిగ్రీల వఱకు నిలుచును. ఆ భేదమంతయు ఉదజని బంధము చేసినదే.

ఈ బంధమును గూర్చి మన బెంగుళూరువారు గర్వింపదగిన సంగతి యొకటి కలదు. 2011లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘము హైడ్రోజన్ బంధమునకు క్రొత్త నిర్వచనము ప్రకటించినది. ఆ నిర్వచనపత్రము వ్రాసినవారిలో మొదటి పేరు మన ఊరి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు అరుణన్‌గారిది. రెండవది, హైదరాబాదు విశ్వవిద్యాలయమున చిరకాలము పనిచేసి ఇక్కడికి వచ్చిన గౌతమ్ దేశిరాజుగారిది. కబ్బన్‌పేట సందులలో మగ్గము చప్పుడు వినబడు చోటికి ఆ సంస్థ కొద్ది మైళ్ళ దూరమే.

ఇప్పుడు మన నూలు సంగతి. పత్తి పోగు సెల్యులోజు. అది గ్లూకోజు తునుకలు వరుసగా గ్రుచ్చిన పొడవైన గొలుసు. ఒక్కొక్క తునుకకు మూడేసి ఆమ్లజని–ఉదజని జంటలు పైకి చేతులు చాచియుండును. గంజి కూడ గ్లూకోజు గొలుసే. అందుకే ఆ రెండును చేతులు కలుపుకొనును. వేడినీట ఉడికించిన విడిపోవును. డైరెక్ట్ రంగులు నూలున నిలుచుట కూడ ఈ విధముననే. పొడవైన చదునైన అణువు సెల్యులోజు ప్రక్కన పరుండి, వాన్ డర్ వాల్స్ బలములతోను, ఉదజని బంధములతోను పట్టుకొనును. నీట నూలుకును రంగుకును రెంటికిని ఋణావేశమే గనుక అవి ఒకదానినొకటి త్రోయును. తొట్టిలో ఉప్పు వేయుట ఆ త్రోపును తగ్గించుటకే. ఇట్లు పట్టిన రంగు సబ్బు వేడినీటికి కొంత దిగకమానదు.

పట్టు సంగతి వేఱు. అది మాంసకృత్తు. ఎసిటిక్ ఆమ్లము పోసినపుడు దానిలోని నత్రజని జట్టులు ధనావేశము పొంది, ఆసిడ్ రంగులోని ఋణావేశమును లాగికొనును. ఆ రంగునే నూలుపై వేసినచో అట్టి ధనస్థానములు లేక కడిగిన వెంటనే పోవును. పాలియెస్టరున చేతులును లేవు, ఆవేశమును లేదు. దానికి డిస్పర్స్ రంగులను 130 డిగ్రీల వేడిలో, ఒత్తిడిలో లోపలికి చొప్పింపవలెను. మన గంగాళములతో అది కాని పని.

1956లో ఇంగ్లండునందలి ఐ.సి.ఐ. కంపెనీ విడుదల చేసిన ప్రోసియాన్‌తో రియాక్టివ్ రంగులు వచ్చినవి. ఇవి సోడాతో సెల్యులోజునకు నిజమైన రసాయన బంధముననే కట్టుబడును. ఇది అంతరణు బలము కాదు. మఱి మా చీరలలో రియాక్టివ్ రంగు ఏల దిగినది?

రంగు తొట్టిలో నూలు ఒక్కటే లేదు, నీరు కూడ ఉన్నది. రంగులో కొంత భాగము నూలుకు బదులు నీటితోనే కలిసి చెడిపోవును. రంగును బట్టి నూటికి 20, 30 పాళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు. చెడిన రంగు ఇక నూలుతో బంధము కట్టజాలదు. కాని పారిపోదు, డైరెక్ట్ రంగువలె బలహీనపు బలములతో నూలును అంటియుండును. చూపునకు రెండును ఒకటే ఎఱుపు. దానిని వెడలగొట్టుటకే మరుగునీటి సోపింగు. వేడి ఆ బలహీనపు పట్టులను విడిపించును, అసలు బంధమును చెఱుపదు.

కట్టెల ఖర్చు ఎక్కువైనదని, ఒక్క గోరువెచ్చని కడుగుతో సరిపెట్టుమని ఆ ఏడు అద్దకపు కొట్టమునకు చెప్పినది మేమే. పైగా ఆ కడుగు బోరు నీటితో. బోరు నీటి కాఠిన్యమును, చిలపలలో మిగిలిన ఉప్పును చెడిన రంగును నూలుకు మఱింత అంటించును.

కోసిన కూలిని మేము తిరిగి చెల్లించి, చీరల నష్టమును సంఘపు ఖాతాలో వ్రాసికొంటిమి. ఇప్పుడు చిలపలను ముందు చన్నీట, తరువాత వెచ్చని నీట ఉప్పు పోవువఱకు కడిగి, ఆపైననే 95 డిగ్రీలలో పావుగంట చొప్పున రెండు మారులు సోపింగు చేయుచున్నాము. కఠిన జలమున మామూలు సబ్బు తెట్టె కట్టును గనుక సోపింగు మందు వాడవలెను. ఆరిన చిలపపై తడిపిన తెల్లగుడ్డ పఱచి వేడి ఇస్త్రీపెట్టెతో అదిమి చూడుడు. గుడ్డకు రంగు అంటినచో ఆ చిలప మరల గంగాళములోనికి పోవలెను, పడుగునకు ఎక్కరాదు.