సౌరఫలకముల క్రింద సేద్యము

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నము పెద్దచెరువునకు పేరుగాంచినది. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున, అనగా పదునారవ శతాబ్దమున, ఆ చెరువును త్రవ్వించిరని ప్రసిద్ధి. చెరువునీరు పారని మెట్టపొలములకు వానయే ఆధారము. అది లేకున్న బోరుబావి. బోరుబావికి విద్యుత్తు కావలెను. విద్యుత్తును ఎండనుండియే పుట్టించవచ్చును గాని, సౌరఫలకములు పరచిన నేల పంటకు దూరమగును. హైదరాబాదు నానాటికి ఇటువైపు పెరుగుచుండగా, మిగిలిన కొలదిపాటి పొలమును రైతు కూటికి ఉంచుకొనవలెనా, దీపమునకు ఇయ్యవలెనా?

ఇట్టి ప్రశ్నకే 1981లో జర్మనీ శాస్త్రజ్ఞులు గోట్స్‌బెర్గర్, జాస్ట్రో అనువారు ఒక ఉపాయము చెప్పిరి. ఫలకములను నేలపై పరువక రెండు మీటర్ల ఎత్తున నిలిపి, వరుసల నడుమ ఎడము పెంచినచో, క్రింద బంగాళాదుంపలు పండునని వారి లెక్క. 2016లో ఆ దేశముననే హెగ్గెల్‌బాఖ్ అనుచోట ఐదు మీటర్ల ఎత్తున ఫలకములు నిలిపి, క్రింద ట్రాక్టరు తిరుగునట్లు ఏర్పరచిరి. 2017లో బంగాళాదుంపల దిగుబడి దాదాపు ఐదవవంతు తగ్గినది. మరుసటి ఏడు ఎండలు మండినవి, వానలు మొగము చాటువేసినవి. అప్పుడు నీడలోని దుంపలు ఆరుబయటి వానికంటె నూటికి 11 పాళ్లు, గోధుమలు 3 పాళ్లు హెచ్చుగా పండినవి!

కారణమేమి? ఆకు తనపై బడిన వెలుగునంతయు వాడుకొనజాలదు. హద్దు మీరిన ఎండ ఆకునకు ఆహారము కాదు, తాపము మాత్రమే. నేలతేమ ఆవిరియై పోవును, ఆకు తన రంధ్రములను మూసికొనును, ఎదుగుదల కుంటుపడును. నీడ ఆ తాపమును తగ్గించి తేమను నిలుపును. విచిత్రమేమన, ఎండతో బ్రతుకు సౌరఫలకము సైతము వేడికి ఓర్వదు. 25 డిగ్రీలు దాటిన పిదప ఒక్కొక్క డిగ్రీకి దాని శక్తి నూటికి సుమారు 0.4 పాలు తగ్గును. క్రింది పైరు విడుచు తేమ దానిని కొంత చల్లబరచును.

మన రైతులకు నీడసేద్యము క్రొత్త గాదు. తమలపాకు తీగలను అవిసె చెట్లకు అల్లించి, వాని నీడలోనే పెంచుదురు. నిజామాబాదు ప్రాంతమున పసుపు నడుమ మొక్కజొన్న వేయుదురు. అట్లని ప్రతి పైరును నీడకు ఒదుగదు. జొన్న, చెరకు నిండు ఎండను కోరును. పసుపు, అల్లము, ఆకుకూరలు నీడను సహించును. వేసవిలో ఇబ్రహీంపట్నపు ఎండ 40 డిగ్రీలు దాటును గదా! చల్లని దేశమున అనావృష్టి యేట కలిసివచ్చిన నీడ ఇచ్చట ఏటేట అక్కరకు రావచ్చును.

చిక్కెల్లను ఖర్చులో ఉన్నది. ఎత్తైన ఉక్కుస్తంభములు, గాలివానకు చలింపని పునాదులు చిన్నరైతునకు తలకు మించిన భారము. 2019లో భారత ప్రభుత్వము ఆరంభించిన కుసుమ్ పథకమున సాగుభూమిలో స్తంభములపై ఫలకములు నిలుపుటకు అనుమతి కలదు. ఇతరులు పెట్టుబడి పెట్టి రైతునకు కౌలు చెల్లించు వీలును కలదు. అట్టి ఒప్పందమున ఫలకముల క్రింది నేలను దున్నుకొను హక్కు తనకే ఉండునట్లు రైతు ముందుగా వ్రాయించుకొనవలెను.