పూరీము పండుగ: ఆచారములు, వాని అంతరార్థము



మన దేశమున ఫాల్గుణ పూర్ణిమకు హోళీ ఆడుదురు. తరచుగ ఆ దినములందే ప్రపంచమందలి యూదులు ‘పూరీము’ అను ఉత్సవమును జరుపుకొందురు. వారి పంచాంగమున అది అదారు మాసము 14వ దినము. మనవలెనే వారును చాంద్రమాసములను లెక్కించి, ఋతువులు తప్పకుండుటకై 19 సంవత్సరములలో 7 పర్యాయములు అధికమాసమును చేర్తురు. అట్టి యేట అదారు రెండుమార్లు వచ్చును. పండుగ రెండవ అదారున జరుగును.

ఈ పండుగకు మూలము ఎస్తేరు గ్రంథము. అందలి కథ యిది. హిందూదేశము మొదలుకొని కూషు దేశము వరకు గల 127 సంస్థానములను అహష్వేరోషు అను పారశీక చక్రవర్తి యేలుచుండెను. అతని మంత్రి హామాను. మొర్దెకై అను యూదుడు తనకు మ్రొక్కలేదని హామాను కోపించి, ఆ యొక్కనిపై పగ తీర్చుకొనుట చాలదని, అతని జాతినంతటిని తుదముట్టింప దలచెను. ఆ జనులు నానా దేశములలో చెదరియున్నారనియు, వారి విధులు ఇతరుల విధులకు భిన్నమనియు రాజుతో కొండెము చెప్పెను. సంహారదినమును నిశ్చయించుటకు చీట్లు వేయించెను. చీటికి ‘పూరు’ అని పేరు. పండుగ పేరు దానినుండియే వచ్చినది.

మొర్దెకై పెంచిన పినతండ్రి కుమార్తె ఎస్తేరు అప్పటికి రాణి. ఆమె యూదురాలని రాజెరుగడు. పిలువనిదే రాజు ఎదుటికి పోయినవారికి మరణదండన. అయినను ఆమె మూడు దినములు ఉపవసించి, షూషను నగరమందలి తనవారందరిచేతను ఉపవాసము చేయించి, ప్రాణమునకు తెగించి రాజును దర్శించెను. కుట్ర బయటపడెను. హామాను తాను మొర్దెకైకై నాటించిన ఉరికొయ్యకే బలియయ్యెను. మొదటి తాకీదును రద్దు చేయ వీలులేకుండుటచే, యూదులు ఆత్మరక్షణ చేసికొనవచ్చునని రెండవ తాకీదు వెడలెను. ఇది యెంతవరకు చరిత్ర యను విషయమున పండితులలో భిన్నాభిప్రాయములు కలవు. ఆచారములు మాత్రము నేటికిని నిలిచియున్నవి.

మొదటిది గ్రంథపఠనము. పండుగనాటి రాత్రియు, మరునాటి ఉదయమును సమాజమందిరమున చర్మపత్రముపై చేతితో వ్రాసిన చుట్టనుండి కథనంతయు చదువుదురు. చదువువాడు ఆ చుట్టను జాబువలె మడతలు పెట్టి పట్టుకొనుట పలుచోట్ల వాడుక. ఏలయన ఇది దేశదేశములకు జాబులు పంపిన కథ. హామాను పేరు వినబడగనే పిల్లలు గిలకలు త్రిప్పుదురు, కాళ్లతో నేలను తట్టుదురు. దుష్టుని పేరు వినబడకుండ చేయవలెనని భావము. కాని మరుక్షణమే అందరును నిశ్శబ్దము వహింతురు. ప్రతి మాటయు చెవినబడవలెనని నియమము. దుష్టుని నిరసింపవచ్చును గాని కథను మరువరాదు.

రెండవది వేషధారణ. హెబ్రీ మూలమున ఈ గ్రంథమందు దేవుని పేరు ఒక్కమారైనను రాదు. ఎస్తేరు అను పేరును పెద్దలు ‘దాగుట’ అను అర్థముగల హెబ్రీ పదముతో ముడిపెట్టిరి. రాణి తన జాతిని దాచెను. దైవము తన హస్తమును దాచెను. పిల్లల ముసుగులలో పెద్దలు ఈ భావమునే చూతురు. గసగసాల పూర్ణము పెట్టిన ముక్కోణపు పిండివంటయందును తీపి లోపల దాగియుండును.

మూడవది పళ్లెములు పంపుట. ఒక్క స్నేహితునికైనను రెండు విధములైన తినుబండారములు పంపవలెను. నాలుగవది దానము. ఇద్దరు పేదలకైనను ఏదేని ఈయవలెను. తుదకు పగటి విందు. 12వ శతాబ్దమున జీవించిన మైమోనిడీసు అను ధర్మశాస్త్రవేత్త, విందునకును పళ్లెములకును వెచ్చించుటకన్న పేదలకు హెచ్చుగ నిచ్చుటయే మేలని విధించెను.

ఇపుడు హామాను చెప్పిన కొండెమును తిరిగి తలపుడు. చెదరియుండుట, భిన్నముగా నుండుట: ఇవియే అతడు మోపిన నేరములు. చెదరినవారను మాటకు ఇంటింటికి నడచు పళ్లెములే సమాధానము. భిన్నులను మాటకు సమాధానము గ్రంథమునందే కలదు. హామాను తాకీదును ప్రతి జాతికి దాని భాషలోనే పంపబడెను. రక్షణ తాకీదును గూర్చి చెప్పునపుడు మాత్రము, యూదులకు వారి లిపిలో, వారి భాషలో వ్రాయబడెనని గ్రంథము ప్రత్యేకించి పేర్కొనుచున్నది. హెబ్రీ యెరుగనివారికి వారి భాషలోనే ఈ కథను చదివి వినిపింపవచ్చునని ప్రాచీన ధర్మసంహిత యగు మిష్నా అనుమతించినది. కొంకణ తీరమున తరతరములుగ నివసించి మరాఠీని తమ భాషగా చేసికొన్న బెనే ఇజ్రాయేలు యూదులు దీనిని ‘హోళీచా సణ్’ అని పిలిచెడివారు. పొరుగువారి మాటతో పిలిచినను పండుగ వారిదిగనే నిలిచినది.

ఇంట తెలుగును, వీధిలో వేరొక భాషను పలుకు మనము గ్రహింపవలసినది ఇందు కలదు. ఆ జాతి తన కథను పెట్టెలో భద్రపరచి యూరకుండలేదు. ఏటేట పిల్లలయెదుట బిగ్గరగా చదివినది; చదివిననాడే పేదవానిని తలచినది. తల్లిదండ్రులును వారమునకొక రాత్రియైనను పిల్లలచేత ఒక తెలుగు పుట బిగ్గరగా చదివించి వినవలెనని మా ప్రార్థన.

అభ్యాసము
1. ‘పూరీము’ అను పేరు ఎట్లు వచ్చినది?
2. హామాను మోపిన నేరములకు ఏ ఆచారము ఎట్లు సమాధానమగుచున్నది?
3. మీ యింటి పండుగలలో ఇరుగుపొరుగువారికి పంచిపెట్టునదేది? అది ఏల పంచుదురో మీ అవ్వనడిగి పది వాక్యములలో వ్రాయుడు.